మరిది ఇటలీ నుంచి తెచ్చిన 5 ప్యాకెట్లు, ఒక్కటీ పెన్నే కాదు. ఏం చెయ్యను?

కూకట్‌పల్లి_కోడలు
మా మరిది తొరీనోలో ఎమ్మెస్ చేస్తున్నాడు. సెలవులకి వస్తూ "వదినా, నీకు పాస్తా ఇష్టం కదా" అని 5 ప్యాకెట్లు మోసుకొచ్చాడు. ఒక్కటంటే ఒక్కటి పెన్నే లేదు, స్పగెట్టీ లేదు. ఒకటి చెవుల్లా ఉంది. ఒకటి మెలిపెట్టిన పురుగుల్లా ఉంది. ఒకటి అచ్చం మన గవ్వలే. ఇంకోటి బొటనవేలు దూరేంత గొట్టాలు. ఆఖరిది సగ్గుబియ్యంలా గుండ్రంగా ఉంది, సగం గింజలు మాడినట్టు కనిపిస్తున్నాయి. పేర్లు వరసగా ఒరెక్కియెత్తె, త్రోఫియె, మల్లొరెద్దుస్, పాక్కెరి, ఫ్రెగొలా. చదవడానికే పూట పట్టింది.

ఆదివారం ఆ పురుగుల ప్యాకెట్ విప్పి, ఎప్పటిలా వైట్ సాస్ చేశాను. వెన్న, మైదా, పాలు, చీజ్, కాప్సికం, స్వీట్ కార్న్. మూత తీస్తే అంతా ఒకటే ముద్ద. గరిట నిలబెడితే నిలబడింది. "అమ్మా, ఇది పాస్తానా సంగటా" అన్నాడు చిన్నాడు. మా ఆయనైతే ఏమీ అనకుండా చాకు తెచ్చి ముక్కలు కోశారు. తప్పు నాదా, పాస్తాదా? మిగతావి తగలెయ్యకముందే చెప్పండి. మేం గుడ్డు వరకే, మాంసం చేపలు లేవు. పురుగులు ఇంకో సగం ప్యాకెట్ ఉన్నాయి.

బెజవాడ_బుల్లోడు
పిండి అదే, నీళ్లూ అవే. చెవిలా చేసినా ముక్కులా చేసినా రుచి మారదు. ప్యాకెట్ అమ్ముకోవడానికి వేషాలివి. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి వేసి పోపు పెట్టెయ్యండి, ఐదూ వారంలో లేచిపోతాయి.

కందిపొడి
చాకుతో కోశారన్న దగ్గర ఆఫీసులో గట్టిగా నవ్వేశా. మేనేజరు చూస్తోంది.

పో_ఒడ్డున
తొమ్మిదేళ్లుగా తొరీనోలోనే ఉన్నాను, మీ మరిది తెలివైనవాడు. ఐదూ మంచివే తెచ్చాడు. కాకపోతే ఒకటి మధ్యధరా మీద ఉత్తరాన పుడితే ఇంకోటి బూటులాంటి ఇటలీకి మడమ దగ్గర పుట్టింది, అన్నిటికీ ఒకే సాస్ కుదరదు.

ముందు ఆ పురుగుల సంగతి. త్రోఫియె జెనోవా పక్కన రెక్కో వైపు సరుకు. మధ్యలో మెలిక, రెండు కొసలూ సన్నం. ఆ మెలిక పెస్తో కోసం, అంటే బేసిల్ ఆకు, గింజలు, చీజ్, నూనె కలిపి నూరిన పచ్చడి. నూనె, ఆకు తరుగు ఆ సందుల్లోకి వెళ్లి కూర్చుంటాయి. మీరు చేసింది ఏమిటంటే, పొట్టి పొట్టి మెలికల మధ్య ఖాళీల్లో మైదా సాస్ పోశారు. అది చల్లారేకొద్దీ గట్టిపడుతుంది, ముక్కలకి కదలడానికి చోటు ఉండదు. ఇటుకలూ సిమెంటూ అన్నమాట.

జెనోవా వాళ్లు చేసే తీరు చెప్తాను, మా పాత రూమ్మేట్ ఆ ఊరివాడే. పెద్ద గిన్నెలో ఉప్పునీళ్లు మరిగించి ముందు చిన్నగా తరిగిన బంగాళదుంప, కాసేపటికి గ్రీన్ బీన్స్, తర్వాత అందులోనే త్రోఫియె. అన్నీ కలిపి వార్చి, స్టవ్ కట్టేశాక పెస్తో కలపాలి. పెస్తోని పొయ్యి మీద పెట్టారా, ఆకు నల్లబడి వాసన చచ్చిపోతుంది. బిగుసుకుంటే వార్చిన నీళ్లు రెండు చెంచాలు పొయ్యండి. ఆ నీళ్లు పారబోస్తే మావాడు నన్ను ఇంట్లోంచి గెంటేసేవాడు.

కందిపొడి
పాస్తాలో బంగాళదుంపా? పిండిలో పిండి. అన్నంలో చపాతీ నంజుకున్నట్టు.

శాకపాకం
@కందిపొడి ఆలూ పరాఠా తినేటప్పుడు ఈ డౌటు రాలేదా?

కందిపొడి
రాలేదు. ఇప్పుడొచ్చింది. రాత్రి నిద్ర పట్టదు.

పో_ఒడ్డున
నాకూ మొదట్లో అదే అనిపించింది. తింటే తెలిసింది, దుంప అంచులు కొద్దిగా చితికి నూనెని విడిపోనివ్వదు. సాస్ పాస్తాని పట్టుకుని ఉంటుంది.

కూకట్‌పల్లి_కోడలు
పెస్తోకి తులసి వాడొచ్చా? మా కోటలో బోలెడంత ఉంది.

శాకపాకం
వద్దండీ. తులసికి లవంగం ఘాటు ఉంటుంది, నూరితే కషాయం వాసన వస్తుంది. పెస్తోకి వాడే బేసిల్ వేరే మొక్క. సబ్జా గింజలు మనకి ఏ జాతి మొక్క నుంచి వస్తాయో అదే జాతి, కాకపోతే రకం వేరు. పెద్ద సూపర్ మార్కెట్లలో కట్టలు దొరుకుతున్నాయి. పైన్ గింజలు ఖరీదు, బదులు జీడిపప్పు వేస్తే పర్వాలేదు.

ఇంకో మాట, శాకాహారులు చూసుకోవాల్సింది. అసలు పార్మిజానో చీజ్‌లో పాలు విరగ్గొట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. పెకొరీనో రొమానోలో అయితే గొర్రెపిల్లది. మీకు పట్టింపు ఉంటే ప్యాకెట్ మీద చూసి మైక్రోబియల్ రెన్నెట్ చీజ్ తెచ్చుకోండి. నేను మూడేళ్లు తిన్నాక తెలుసుకున్నా, మా అమ్మకి ఇంకా చెప్పలేదు.

గోదారి_గట్టు
కోట దగ్గరికి కత్తెర పట్టుకెళ్లండి, అత్తగారు మీతోనే పెస్తో చేస్తారు.

వరంగల్_వాసి
ఏందన్నా గీ పేర్లు, నోరు తిరుగుతలేదు. నేను మొన్న ఒక దుకాణంల స్త్రోత్సప్రేతి అని చూసిన. ప్రేతం అనుకొని అక్కడ్నే పెట్టొచ్చిన.

పో_ఒడ్డున
@వరంగల్_వాసి ప్రేతం కాదు గానీ దగ్గరలోకే వచ్చారు. ఆ పేరుకి అర్థం 'పూజారి గొంతు పిసికేది'. ఎందుకలా పిలిచారన్నదానికి ఊరికో కథ. ఆబగా తిన్న పూజారికి గొంతులో అడ్డం పడిందని ఒకరు, చర్చికి పన్నులు కట్టలేక వండే ఇల్లాలు పిండి మెలిపెడుతూ తిట్టుకుందని ఇంకొకరు. ఉత్తర ఇటలీలో రొమాన్యా వైపు ఎక్కువ.

గోదారి_గట్టు
రెండో కథే నిజం అయ్యుంటుంది. మా నాయనమ్మ జంతికలు వత్తుతున్నంతసేపూ మా తాతని తిట్టేది.

అత్తిలి_అమ్మాయి
గవ్వల ప్యాకెట్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తా. పోయిన ఏడాది నేను మల్లొరెద్దుస్ ఇంట్లోనే చేశాను, అమ్మ గవ్వల చెక్క మీద. చెక్క మా అమ్మమ్మది, టేకు. గీతలు అరిగిపోయి మధ్యలో నున్నగా అయింది, అంచుల దగ్గరే పని చేస్తుంది.

మొదటిసారి బొంబాయి రవ్వలో సగం మైదా కలిపి చేశా. చూడ్డానికి ముద్దుగా వచ్చాయి. మరిగే నీళ్లలో వేసిన నాలుగు నిమిషాలకి గీతలు మాయం, ఆరో నిమిషానికి గంజి. తర్వాత తెలిసింది, వాళ్లది డ్యూరం గోధుమ రవ్వ. కొంచెం పసుపు రంగులో ఉండి, రాయిలా గట్టిగా ఉండే గోధుమ. మన దగ్గర బన్సీ రవ్వ పేరుతో దొరికేది అదే. దాన్ని మిక్సీలో సన్నగా పట్టి, 200 గ్రాములకి 100 గ్రాముల నీళ్లు, అంతే. నూనె లేదు, గుడ్డు లేదు. మొదట్లో ఇసకలా రాలిపోతుంది, చేతులు నొప్పి పుడతాయి. పది నిమిషాలు మర్దించి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేస్తే చెవి తమ్మెలా మెత్తబడుతుంది.

చిటికెన వేలంత తాడు చేసి, శనగగింజంత ముక్కలు కోసి, బొటనవేలితో చెక్క మీద నొక్కుతూ ముందుకి తోస్తే దానంతటదే ముడుచుకుని దొర్లి పడిపోతుంది. ఆ దొర్లే క్షణం చూడ్డానికే నేను 3 గంటలు కూర్చున్నా. గట్టిగా నొక్కితే చెక్కకి అంటుకుంటుంది, మెల్లగా నొక్కితే మూసుకోదు. అమ్మ వచ్చి చూసి "పాకం పట్టావా?" అంది. ఇవి నీళ్లలో ఉడకబెడతానంటే నమ్మలేదు.

ఇవి పుట్టిన సార్దీనియా ద్వీపంలో వీటికి కుంకుమపువ్వు, సోంపు వేసిన పంది సాసేజ్, టమాటా సాస్ వేస్తారు. నేను సాసేజ్ తీసేసి సోంపు నూరి టమాటాలో వేశా, నాలుగు రేకలు కుంకుమపువ్వు. ఆ సోంపు వాసనే ప్రాణం, అది మాత్రం మానొద్దు.

వరంగల్_వాసి
అంటే అక్కా, గవ్వలు ఇటలీకెళ్లి మన దిక్కు వచ్చినయా, మనకాడికెళ్లి వాళ్లు వట్కపోయిన్రా?

గోదారి_గట్టు
ఇప్పుడు ఎవరో ఒకరు పుష్పక విమానంలో వెళ్లాయంటారు చూడండి.

అత్తిలి_అమ్మాయి
@వరంగల్_వాసి ఎవరూ ఎవరింటికీ వెళ్లక్కర్లేదు తమ్ముడూ. ఎవరి చేతికి బొటనవేలు లేదు? వాళ్లు మొదట్లో చెక్క కూడా కాదు, బుట్ట అల్లిక మీద నొక్కేవారు. మనవాళ్లు చెక్క లేకపోతే కొత్త దువ్వెన మీద చెయ్యరూ? రొమాన్యాలో గర్గనెల్లి అని గీతల గొట్టాలు చేస్తారు, దానికీ దువ్వెనలాంటి పరికరమే.

బెజవాడ_బుల్లోడు
చూశారా, నేనన్నదే మీరూ అంటున్నారు. పాకం పట్టినా గవ్వే, టమాటా పోసినా గవ్వే. ఆకారానికీ రుచికీ లంకె లేదు.

అత్తిలి_అమ్మాయి
సరే, ఒక ప్రశ్న. గవ్వకి గీతలెందుకు?

బెజవాడ_బుల్లోడు
అందానికి.

అత్తిలి_అమ్మాయి
నున్నటి పీట మీద నొక్కి ఓసారి చెయ్యండి. పాకం జారిపోయి పళ్లెం అడుగున గడ్డకడుతుంది, గవ్వ చప్పగా మిగులుతుంది. పైగా లోపల డొల్ల లేకపోతే నూనెలో మధ్యభాగం పచ్చిగా ఉండిపోతుంది. గీత పాకానికి, డొల్ల నూనెకి. అమ్మమ్మకి ఇటలీ ఎక్కడుందో తెలీదు, ఇది తెలుసు.

కందిపొడి
బుల్లోడు గారు టైపింగ్... టైపింగ్... ఆగిపోయింది.

డల్లాస్_డబరా
కోడలు గారికి పనికిరాదు కానీ నా కేసు చెప్తా. ఇక్కడ ఇటాలియన్ కొట్టులో మూరెడు పొడవున్న గొట్టాలు దొరికాయి, జీతి. నాపోలీలో, అంటే నేపుల్స్‌లో, వీటిని చేత్తో విరుస్తారు, విరిచినప్పుడు రాలే చిన్న ముక్కలూ సాస్‌లోకే. ఆ సాస్ పేరు జెనోవేజె. పేరు జెనోవాది, వంట మాత్రం నాపోలీది, జెనోవాలో అడిగితే మొహం చూస్తారట. మాంసం ఎంతో ఉల్లిపాయలు అంతకన్నా ఎక్కువ. వాళ్లు గొడ్డు మాంసం వేస్తారు, నేను మేక మాంసం కిలో, ఉల్లిపాయలు 2 కిలోలు వేసి సన్నసెగ మీద 4 గంటలు పెట్టా. నీళ్లు పొయ్యలేదు, టమాటా లేదు, మసాలా లేదు. మూడో గంటకి ఉల్లిపాయ అనేదే కనపడదు, తేనె రంగు గుజ్జు. కళ్లు మాత్రం రెండు రోజులు మండాయి. మా ఆవిడ పచ్చిమిర్చి వేస్తానంది, గిన్నెకి కాపలా కూర్చున్నా.

శాకపాకం
మాంసం లేకుండా ఒట్టి ఉల్లిపాయతోనూ చెయ్యొచ్చు. పాక్కెరికి అదీ బాగుంటుంది, కోడలు గారూ రాసుకోండి.

పో_ఒడ్డున
అవును. పాక్కెరి కూడా నాపోలీదే. పేరుకి మూలం 'చెంపదెబ్బ' అంటారు, సాస్‌లో కలిపేటప్పుడు టప్ టప్ మంటాయి, ఉడికాక గొట్టం చతికిలబడుతుంది, పగిలిపోయిందని కంగారుపడొద్దు. లోపలికి ముక్కలు దూరాలి కాబట్టి పెద్ద ముక్కల సాస్ చెయ్యండి. వాళ్లు చేపలు, రొయ్యలు వేస్తారు. మీరు వంకాయ పెద్ద ముక్కలు నూనెలో వేయించి, టమాటా, పైన రికోటా. రికోటా లేకపోతే పనీర్ చిదిపితే సగం న్యాయం.

ఒరెక్కియెత్తె అంటే చిట్టి చెవులు, పూలియాలోని బారీ ఊరిది. పాత బారీలో ఆర్కో బాస్సో అని ఒక సందు ఉంది. ఆడవాళ్లు వాకిట్లో బల్లలు వేసుకుని చేస్తుంటారు, జాలీ తట్టల మీద ఆరబెడతారు, మన వీధుల్లో వడియాలు పెట్టినట్టే. మా ఆఫీసులో బారీ ఆవిడ చేసి చూపించింది. చిన్న ముక్కని మొద్దు చాకుతో తన వైపు ఈడుస్తుంది, అది చుట్టుకుంటుంది, వెంటనే బొటనవేలికి టోపీ తొడిగినట్టు తిప్పేస్తుంది. ఒక్కోదానికి సెకను. నేను చేసినవి చూసి "ఇవి చెవులు కావు, పోగులు పెట్టించుకుని చీలినవి" అంది.

అంచు మందం, మధ్యలో పల్చన, పైన గరుకు. గుంటలో ఆకుకూర కూర్చుంటుంది. వాళ్లు చీమె ది రాపా అని చేదుగా ఉండే ఒక ఆకు వేస్తారు, ఆవాల చుట్టమే. హైదరాబాద్‌లో చలికాలం దొరికే ఆవ ఆకు వాడండి. పాస్తా ఉడికే నీళ్లలోనే ఆకూ ఉడకాలి, ఇది ముఖ్యం. వెల్లుల్లి, ఎండుమిర్చి ఆలివ్ నూనెలో. వాళ్లు ఆంచోవీ చేప కరిగిస్తారు, మీరు మానేసి, రొట్టెపొడి నూనెలో కరకరలాడేలా వేయించి పైన చల్లండి. చీజ్ లేనివాళ్లు చీజ్ బదులు చల్లుకున్నది అదే.

గోదారి_గట్టు
వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆకుకూర. ఇంగువ ఒక్కటే తక్కువ. బుల్లోడు గారి పోపు వాళ్ల దాకా వెళ్లింది.

బెజవాడ_బుల్లోడు
థాంక్స్. ఎవరో ఒకరు గుర్తించారు.

రాజమండ్రి_రవ్వట్టు
జంతికల గొట్టం ఉన్నవాళ్లు పాస్సతెల్లి చెయ్యండి, గుడ్డు తింటారు కదా. మైదా లేదు, రవ్వ లేదు. ఎండు రొట్టెపొడి 100 గ్రాములు, పార్మిజానో తురుము 100, గుడ్లు 2, కాస్త జాజికాయ, నిమ్మ తొక్క తురుము. ముద్ద చేసి పెద్ద చిల్లుల బిళ్ల పెట్టి, మరిగే సూప్‌లోకి నేరుగా వత్తడమే. తేలగానే అయిపోయినట్టు. నేను మొదటిసారి కారప్పూస బిళ్ల పెట్టా, సూప్ అంతా కరిగి గుడ్డు పొరటు అయింది. చిల్లు పెన్సిలంత ఉండాలి.

వెనెతోలో బీగొలి అని లావుపాటి స్పగెట్టీ ఉంది, దానికైతే ఏకంగా బల్లకి బిగించి తిప్పే ఇత్తడి గొట్టం. మా పెదనాన్న మిఠాయి కొట్టులో ఉండేది అచ్చం అలాంటిదే.

మల్కాజిగిరి_మ్యాథ్స్
సార్దీనియా పేరు వచ్చింది కాబట్టి సు ఫిలిందెవు గురించి ఒక మాట. దేవుడి దారాలు అని అర్థం. నూవొరో ఊళ్లో గుప్పెడుమంది ఆడవాళ్లకే వచ్చిన పని. రవ్వ ముద్దని చేతులతో సాగదీసి మడుస్తారు, మళ్లీ సాగదీస్తారు. 8 మడతలకి 256 పోగులు. 2, 4, 8, 16... లెక్క చూసుకోండి. వాటిని గుండ్రటి తట్ట మీద మూడు వరసలు అడ్డంగా ఐమూలగా పరిచి ఎండబెడతారు, గుడ్డ నేసినట్టు ఉంటుంది. విరిచి గొర్రె మాంసం పులుసులో వేస్తారు. లూలాలో శాన్ ఫ్రాన్చెస్కో ఉత్సవానికి రాత్రంతా నడిచొచ్చిన యాత్రికులకి పెట్టేది ఇదే. వీడియో చూసి ప్రయత్నించా. మూడో మడతకే తెగింది. నా స్కోరు 8 పోగులు.

అత్తిలి_అమ్మాయి
ఆత్రేయపురం పూతరేకులు నేర్చుకోవడానికి వెళ్లిన మా పిన్ని స్కోరు కూడా ఇంచుమించు అంతే. కుండ మీద వేలు కాల్చుకుని వచ్చింది.

డల్లాస్_డబరా
చేత్తో నేర్చినవాళ్లు ఇలా ఉంటే, కుర్చీలో కూర్చుని గీసినవాళ్ల కథ వినండి. జుజారో అని కార్ల డిజైనర్, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్, ఫియట్ ఊనో, మన రోడ్ల మీద తిరిగిన మటీజ్ ఆయన కంపెనీవే. 1983లో వోయెల్లో అనే పాస్తా కంపెనీ కోసం మరిల్లె అని పాస్తా గీశాడు. రెండు గొట్టాలు అతికించి ఒక తోక, లోపల గీతలు. బొమ్మ అద్భుతం. ఒకచోట పల్చన, ఒకచోట మందం, సమంగా ఉడకలేదు. కొన్నాళ్లకే మాయం.

శాకపాకం
అయితే 2021లో అమెరికాలో ఒక పాడ్‌కాస్టర్ కొత్తగా కస్కతెల్లి అని తయారుచేయించాడు, అది నిలబడింది కదా. గీసేవాళ్లని అంత తిట్టక్కర్లేదు.

డల్లాస్_డబరా
తిన్నాను. బాగుంటుంది. ఒప్పుకుంటున్నా.

కూకట్‌పల్లి_కోడలు
రిపోర్టు. మిగిలిన సగం పురుగులు దుంప, బీన్స్‌తో చేశా. బేసిల్ కొనుక్కొచ్చా, కోట జోలికి వెళ్లలేదు. ముద్ద కాలేదు! విడివిడిగా జారుతూ వచ్చింది. దుంప వెయ్యొద్దన్న మా ఆయనే దుంపలు ఏరుకుని తిన్నారు.

గవ్వల ప్యాకెట్ సోంపు టమాటాతో నిన్న చేశా. మా అత్తగారు ఒక్కటి నోట్లో వేసుకుని, చెంచా పక్కన పెట్టి, "గవ్వలు కారంగా కూడా చేస్తారా" అని మళ్లీ వేసుకున్నారు. గీతల్లో సాస్ నిజంగానే ఉంది, కడిగేటప్పుడు గిన్నె అడుగున ఏమీ మిగల్లేదు.

ఆవ ఆకు చలికాలానికి కదా, చెవులు అలమార్లోకి. ఫ్రెగొలా మీద మాత్రం ఎవరూ చెప్పలేదు.

పో_ఒడ్డున
అయ్యో, మర్చిపోయా. అదీ సార్దీనియాదే. రవ్వ మీద నీళ్లు చిలకరిస్తూ చేత్తో గుండ్రంగా తిప్పితే గింజ కడుతుంది, తర్వాత ఓవెన్‌లో వేయిస్తారు. మాడినట్టు కనిపించేది అందుకే, పాడైపోలేదు. వాళ్లు గుల్లలతో వండుతారు. మీరు వెల్లుల్లి, టమాటా, కూరగాయలు ఉడికించిన నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ జారుగా చెయ్యండి. వార్చొద్దు.

కూకట్‌పల్లి_కోడలు
వేయించిన రవ్వ, కొంచెం కొంచెం నీళ్లు, వార్చొద్దు. అంటే ఉప్మా.

పో_ఒడ్డున
...అవును.

కందిపొడి
మొత్తం సార్దీనియా ద్వీపం మీద ఒక్క దెబ్బ.

కూకట్‌పల్లి_కోడలు
పాక్కెరి వంకాయతో ఈ ఆదివారం. ప్యాకెట్లో పది తక్కువ ఉన్నాయి, చిన్నాడు పచ్చివే పది వేళ్లకీ తొడుక్కుని తిరుగుతున్నాడు, గొట్టాల వడియాల్లా. కొరికి చూశాడట, "అమ్మా, ఇవి వేయించలేదు" అని ఫిర్యాదు.

బెజవాడ_బుల్లోడు
@అత్తిలి_అమ్మాయి గవ్వల చెక్క విజయవాడలో ఎక్కడ దొరుకుతుంది? మా ఆవిడ అడుగుతోంది.

కందిపొడి
ఆవిడ అడుగుతోందట.

అత్తిలి_అమ్మాయి
వన్‌టౌన్‌లో చెక్క సామాను కొట్లు చూడండి. గీతలు లోతుగా ఉన్నది తీసుకోండి, వేలితో తడిమి. అందానికి కాదు.